తొక్కని ఆరు కిలోమీటర్లు

నవంబర్ 7, శుక్రవారం

ముందే చెప్తున్నాను, నా అక్షరాలు బాగుండవు. ఆరో తరగతి సగంలో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు ఒక్కోసారి పడతాయి, ఒక్కోసారి పడవు. గీత మీద మొదలుపెట్టిన లైను చివరికి వచ్చేసరికి కిందికి జారుతుంది. ఎవరికీ చూపించడానికి రాయడం లేదు కాబట్టి తప్పులకు క్షమించమని ఎవరిని అడగాలో తెలియక ఈ పుస్తకాన్నే అడుగుతున్నాను. విత్తనాల దుకాణం వాళ్లు మామకు ఇచ్చిన పాత డైరీ ఇది. అందులోని తారీఖులు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. కుట్టు మెషిన్ సొరుగులో లైనింగు ముక్కల కింద దాస్తాను. అక్కడికి మా ఇంట్లో ఎవరి చెయ్యీ పోదు.

పెళ్లై వికారాబాద్ వచ్చి ఎనిమిది నెలలు. ఈ ఇంట్లో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఈ పేజీ నిండదు. మామ ఎదురొస్తే తలుపు చాటుకు పోతాను. అత్తమ్మతో వంటింటి మాటలే. ఆయనతో మాట్లాడతాను గానీ, ఇది ఆయనతో చెప్పుకునేది కాదు. ఆయన గురించినదే.

ఆయన పేరు ప్రేమ్‌సాగర్. రాయడానికే సిగ్గుగా ఉంది. ఒకసారి రాశాను, ఇక రాయను.

ఆయన తాండూరులో బండల పాలిష్ మిషన్ మీద పని చేస్తాడు. మామ పాత మోటారు సైకిల్ మీద రోజూ పోయి వస్తాడు. పోను నలభై, రాను నలభై. మామ జంగప్ప ఇరవై ఏళ్లు డీసీఎం వ్యాను నడిపిన మనిషి. సాయంత్రం కాగానే యజమాని మీటర్ చూసి, ఎటు తిరిగావని అడిగేవాడట. ఆ యజమాని ఎక్కడున్నాడో తెలియదు గానీ అతని అలవాటు మాత్రం మా ఇంటికి వచ్చింది. బండి వాకిట్లో ఆగగానే మామ తడిబట్టతో మీటర్ తుడిచి, నడుము వంచి, అంకె చదివి, నిన్నటిది తీసేసి మిగిలింది పైకి చెప్తాడు. ఏ కాగితం మీదా రాసుకోడు, అంతా తలలోనే. "మనిషి ఎన్నన్న చెప్తడు. మీటర్‌కు అబద్ధం రాదు" అంటాడు.

ఏడు నెలలు రోజూ "ఎనభై" అన్నాడు. మూడు వారాల నుంచి "ఎనభై ఆరు" అంటున్నాడు. అని, లోపలికి పోతున్నాడు.

అదే మూడు వారాల నుంచి ఆయన మూడు జొన్న రొట్టెలు ఎక్కువ కట్టమంటున్నాడు. మెత్తగా చెయ్యమంటున్నాడు. ఆయన పళ్లు షాబాద్ బండనైనా కొరుకుతాయి. మెత్తగా ఎందుకు?

నాకు అనుమానం ఏమీ లేదు. లెక్క తెలియక రాస్తున్నాను.

నవంబర్ 8, శనివారం

అమ్మతో ఫోన్ మాట్లాడాను. తాండూరులోనే ఉంటుంది, పప్పు మిల్లులో పని. ఇదివరకు వీడియోలో గిన్నెలో ఏముందో కూడా చూపించేది. ఇప్పుడు నెట్ రావడం లేదంటుంది. బాగున్నావా అంటే బాగున్న అంటుంది, పెట్టేస్తుంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారే పోయాను. రోజూ ఆయన పోయే ఊరే. వెనక సీటు ఖాళీగానే పోతుంది. కానీ అది డ్యూటీ బండి, ఆడవాళ్లు ఎక్కే బండి కాదని మామ నియమం. ఎక్కిస్తే మీటర్ చెప్పదు గదా అని ఒకసారి ఆయనతో అన్నాను. నవ్వాడు. నవ్వితే చెంప మీద గుంట పడుతుంది. అది తాండూరులో ఇంకెవరైనా చూస్తున్నారేమో.

ఈ లైను కొట్టేద్దామనుకున్నాను. సిరా వృథా అని ఉంచాను.

రేపు మామ పూడూరు పోతున్నాడు. అక్కడ వాళ్ల చిన్నాయన చేనులో పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదట. వారం దాకా రాడు.

నవంబర్ 9, ఆదివారం

మామ పొద్దున బస్సుకు పోయాడు. పోతూ పోతూ మీటర్ ముందు వంగి "నలభై ఎనిమిది వేల రెండు నూర్ల పద్నాలుగు" అని దండకం చదివినట్టు చదివి పోయాడు.

బస్సు మలుపు తిరిగిందో లేదో, ఆయన గడ్డివాము వెనక నుంచి గోనెసంచి తెచ్చాడు. అందులో హ్యాండిల్. ఎత్తుగా, వెడల్పుగా, గేదె కొమ్ముల్లా ఉంది. పాత హ్యాండిల్ ధారూర్ దగ్గర ఒకసారి గేదెకు తగిలి వంకర పోయింది, వంగి నడిపితే భుజాలు లాగుతున్నాయట. ఇప్పుడు గేదెకు తగిలినా గేదెకే భయం. నాయిన ఉంటే మార్చనీయడు, మార్చినాక చూస్తే ఏమంటాడు అని ఆయన ధైర్యం.

ఫోన్‌లో వీడియో పెట్టుకుని పని మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని పానాలు అందించాను. పాతది విప్పాడు, కొత్తది బిగించాడు. క్లచ్చి వైరు, బ్రేకు వైరు పొడవువి ముందే తెచ్చుకున్నాడు. అంతా అయ్యాక సీటు మీద కూర్చుని చూసుకున్నాడు. హ్యాండిల్ కడ్డీ సరిగ్గా మీటర్ ముఖానికి అడ్డం వచ్చింది. అంకె చూడాలంటే కొంగలా మెడ చాచాలి. మామ మెడ అంత పొడవు లేదు.

మీటర్‌ను పైకి జరపాలన్నాడు. పాత అల్యూమినియం పళ్లెం కత్తిరించి, వంచి, రెండు బెజ్జాలు కొట్టి పట్టీ చేశాడు. అదరకుండా కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. పని నీటుగానే చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను నా టేపు తెచ్చి ముందు చక్రం నుంచి పట్టీ దాకా కొలిచాను. తరువాత చక్రం తిరిగితే మీటర్‌ను తిప్పే కేబుల్ కొలిచాను.

"జానెడు తక్కువైతది" అన్నాను.

"నీకు జాకెట్ల కొలతలు ఎర్క. బండి కొలతలు ఎర్కనా?"

జాకెట్టు కుట్టేటప్పుడు మనిషి చెయ్యి ఎత్తితే బిగుసుకోకుండా వదులు వదులుతాం. హ్యాండిల్ ఇటు తిప్పినా అటు తిప్పినా కేబుల్ బిగుసుకోకూడదు, దానికీ వదులు కావాలి. అది చెప్దామనుకున్నాను. చెప్పలేదు. ఆయన కేబుల్ పట్టుకుని పది నిమిషాలు లాగాడు. తరువాత నా వైపు చూశాడు.

"జానెడు" అన్నాడు.

"వదులుతోటి కలిపితె జానాబెత్తెడు" అన్నాను. లోపలికి పోయి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వాను.

పొడవు కేబుల్ వికారాబాద్‌లో దొరకలేదు. హైదరాబాద్ నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది. మీటర్ విప్పి నా మెషిన్ బల్ల మీద పెట్టాడు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మీటర్ బల్ల మీద ఉంటే బండి ఎంత తిరిగినా లెక్క ఉండదు.

"ఎటన్న పోదమా?" అన్నాడు. గుంట పడింది.

తాండూరు అందామనుకున్నాను. ఆయనే అంటాడేమోనని చూశాను. "కోట్‌పల్లి పోదం. పడవలున్నయి" అన్నాడు. నేను తాండూరు రావడం ఆయనకు ఇష్టం లేదు కాబోలు.

నవంబర్ 10, సోమవారం

ఇవాళ కావాలనే రొట్టెలు గట్టిగా చేశాను. సాయంత్రం వచ్చి, "రేపు జర మెత్తగ చెయ్యి. గట్టిగుంటె తుంపరాదు" అన్నాడు. ఎవరికి తుంపరాదు అని నేను అడగలేదు. ఎవరికి తుంపరాదో ఆయన చెప్పలేదు.

నవంబర్ 11, మంగళవారం

రొట్టెలు మెత్తగా చేశాను. తొక్కులో మాత్రం పచ్చిమిరపకాయలు ఆరు ఎక్కువ వేశాను. కిలోమీటరుకు ఒకటి. ఆయన డబ్బాలో వేరే తొక్కు పెట్టాను, ఆయనకు కారం పడదు. ఆ మూడు రొట్టెల మధ్యలోనే ఈ కారం తొక్కు పెట్టాను.

సాయంత్రం డ్యూటీ నుంచి తొందరగా వచ్చి కోట్‌పల్లి తీసుకుపోయాడు. అత్తమ్మతో గుడికి అని చెప్పాం. అత్తమ్మ "ఏ గుడి" అని అడగలేదు, నా కొత్త చీర వైపు చూసి నవ్వింది. కొత్త హ్యాండిల్‌తో ఆయన నిటారుగా కూర్చుంటాడు కాబట్టి వెనక నాకు గాలి తగలదు. పట్టుకోవడానికి నడుము కూడా అనువుగా ఉంటుంది. ఇది బండి సంగతిగా రాస్తున్నాను.

ప్రాజెక్టు నీళ్ల పక్కన మక్క కంకులు కొనిచ్చాడు. సగం తిన్నాక ఆయనకు ఫోన్ వచ్చింది. చూసి, లేచి, చెట్టు అవతలికి పోయాడు. గాలి నా వైపే ఉంది.

"తిన్నవా? గోలీ ఏసుకున్నవా? ... కారమా? ఎంత కారం? ... రేపు నేనొచ్చి చూస్త గదా. ఏం ఫికర్ చెయ్యకు."

నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు. రొట్టెల కన్నా మెత్తగా. వచ్చి కూర్చున్నాక ఎవరు అన్నట్టు చూశాను. "మిషన్ కాడ మత్తయ్య" అన్నాడు. మత్తయ్యను మా పెళ్లిలో చూశాను. అతనికి మీసాలు ఉన్నాయి, ఆరడుగుల మనిషి. గోలీ వేసుకున్నావా అని బతిమాలాల్సిన మనిషి కాదు.

పడవ ఎక్కుదామంటే తల తిరుగుతుందన్నాను. తల తిరగలేదు.

నవంబర్ 12, బుధవారం

రాయడానికి ఏమీ లేదు. మూడు రొట్టెలు. ఉప్పు వేయలేదు.

నవంబర్ 13, గురువారం

సాయంత్రం హైదరాబాద్ నుంచి కేబుల్ వచ్చింది. ఆయన చేతిలో కేబుల్ ఉండగానే పూడూరు నుంచి మామ ఫోన్ చేశాడు. బాగున్నారా లేదు, ఏం చేస్తున్నారు లేదు. "మీటర్ ఎంతున్నదిరా?" అన్నాడు. ఫోన్ బయటికే వినిపించింది.

ఆయన "నాయినా, సిగ్నల్ లేదు, ఇనొస్తలేదు" అని పెట్టేశాడు. పెట్టేసి నా మొహం చూశాడు. నేను బల్ల మీది మీటర్ చూశాను. నలభై ఎనిమిది వేల రెండు వందల పద్నాలుగు. ఆదివారం పొద్దున మామ చదివిన అంకె.

కోట్‌పల్లి పోయింది తెలియదని సంతోషపడ్డాం. తాండూరు పోయింది కూడా తెలియదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మామ ఆదివారం వచ్చి చూస్తే, కొడుకు వారం రోజులు బండి ముట్టకుండా ఇంట్లో పండుకున్నాడని మీటర్ చెప్తుంది. మీటర్‌కు అబద్ధం రాదు. మా మాట ఎవరు వింటారు?

ఆయన కేబుల్‌ను మీటర్‌కు బిగించి, రెండో చివర లోపలి తీగను వేళ్లతో తిప్పడం మొదలుపెట్టాడు. పావుగంట తిప్పితే అంకెలో చివరి గడి ఇంకా పూర్తిగా మారలేదు. వేళ్లు ఎర్రబడ్డాయి. నేను పక్కనే మెషిన్ మీద బాబిన్‌కు దారం చుడుతున్నాను. తొక్కితే బాబిన్ తొడిగిన ఆ చిన్న పుల్ల ఎంత జోరుగా తిరుగుతుందో రోజూ చూసేదే. తొక్కడం ఆపాను. ఆయన కూడా తిప్పడం ఆపాడు.

బాబిన్ తీసేసి, కేబుల్ తీగ కొనను ఆ పుల్లకు ఆనించి, సైకిల్ వాల్ ట్యూబు ముక్క తొడిగి, దారంతో బిగించి చుట్టాను. తొక్కాను. మీటర్ ముల్లు లేచింది. కానీ అంకె పద్నాలుగు నుంచి పదమూడుకు పోయింది. ఇంకాస్త తొక్కితే పన్నెండు.

ఆయన కంగారుపడి "ఎనుకకు, ఎనుకకు పోతున్నది" అన్నాడు. నేను వెంటనే ఆపలేదు. ఇట్లాగే తొక్కుతూ పోతే ఎక్కడి దాకా పోవచ్చో అనుకున్నాను. మూడు వారాల వెనక్కి పోతే చాలు, ఎనభై ఆరు లేని రోజుకు. తరువాత మెషిన్ చక్రాన్ని చేత్తో రెండో వైపు తిప్పి తొక్కాను. అంకె మళ్లీ ముందుకు వచ్చింది.

సరిగ్గా తొక్కితే ముల్లు నలభై మీద నిలబడుతుంది. గంటకు ఒక తాండూరు. ఆయన పొద్దున పనికి పోతాడు కాబట్టి ఈ ప్రయాణం నాదే.

"రోజుకు ఎనభై ఆరు లెక్కన తొక్కు" అన్నాడు.

"తాండూరు పోయొస్తె ఎనభై గదా?"

"అటు ఇటు ఉంటది" అని నల్లా వైపు చూశాడు. నల్లాలో నీళ్లు రావడం లేదు.

నవంబర్ 14, శుక్రవారం

పొద్దున ఆయన పోగానే తలుపు దగ్గరికి వేసుకుని మొదలుపెట్టాను. ఒకసారి తాండూరు పోయి వచ్చి రెండోసారి బయలుదేరానో లేదో, అత్తమ్మ సుమిత్రమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. బట్ట లేకుండా మెషిన్ తొక్కుతున్న కోడలిని, కోడలి బల్ల మీద మీటర్‌ను చూసింది. నా కాళ్లు ఆగిపోయాయి. చెప్పక తప్పలేదు. ఇంటికి వచ్చాక అత్తమ్మతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఇదే మొదలు. హ్యాండిల్ నుంచి కేబుల్ దాకా చెప్పాను. ఆరు కిలోమీటర్ల సంగతి మాత్రం చెప్పలేదు.

అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది.

"లెవ్వు. జర నన్ను గూసోనియ్యి. పద్దెనిమిదేండ్ల సంది ఎక్కుత అంటె డ్యూటీ బండి అంటడు మీ మామ. ఇయ్యాల ఎట్లెక్కియ్యడో చూస్త."

అత్తమ్మ తొక్కుతూ ఉంటే నేను మీటర్ చూసి ఊళ్లు చెప్పాను. పది కిలోమీటర్లు దాటితే అడిగేది.

"ఏడిదాక వచ్చినమే?"

"ధారూర్ దాటినం అత్తమ్మా."

"అయితె ఆపు. చాయ్ తాగి పోదం."

చాయ్ తాగి మళ్లీ కదిలాం. పెద్దేముల్ దగ్గర అత్తమ్మ మోకాలు పట్టేసింది, నేను కూర్చున్నాను. తాండూరు చేరాక బజారులో ఏమేం కొనాలో అత్తమ్మ చెప్పింది. కందిపప్పు, రెండు స్టీలు డబ్బాలు, నాకు గాజులు. మా అమ్మను చూసి రావాలంది. చూద్దాం అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, దుమ్ము అన్నాను. మెషిన్ మీద దుమ్ము ఎక్కడిది అని అత్తమ్మ అనలేదు.

సాయంత్రానికి మూడు రోజుల డ్యూటీ అయిపోయింది. కాళ్లు నావి కావు.

నవంబర్ 15, శనివారం

ఇంకో మూడు రోజులు తొక్కాం. పాలు పోయడానికి వచ్చిన వెంకటమ్మ, మెషిన్ ఆగకుండా మోగుతుంది, మస్తు గిరాకీ ఉన్నట్టుందే అంది. పెళ్లి బట్టలు అంది అత్తమ్మ. ఎవరి పెళ్లి అంటే, తాండూరోళ్లది అంది.

నాలుగు గంటలకు అంకె నలభై ఎనిమిది వేల ఆరు వందల తొంభై నాలుగు అయింది. ఆరు ఎనభైలు. నాలుగు వందల ఎనభై. ఇంకా ముప్పై ఆరు తొక్కాలి. పొద్దు చాలా ఉంది. దారం గట్టిగానే ఉంది. కాళ్లు నొస్తున్నాయి గానీ గంట తొక్కలేనంత కాదు.

"అయిపాయెనా?" అంది అత్తమ్మ.

"అయిపోయింది" అన్నాను.

అబద్ధం కాదు. తాండూరు దారి అయిపోయింది. ఆ తరువాతి దారి ఆయనది. తిన్నావా, గోలీ వేసుకున్నావా అని అడగడానికి పోయే దారికి నేను ఎందుకు కాళ్లు నొప్పించుకోవాలి? ఆ ఆరు కిలోమీటర్లు నేను తొక్కను. ఆమె ఎవరో వచ్చి తొక్కుకోమనండి.

ఆయన వచ్చాక దారం విప్పి కేబుల్ ఇచ్చాను. చీకటి పడక ముందే బిగించాలన్న తొందరలో మీటర్‌ను పట్టీ మీద పెట్టి, కేబుల్ వదులుగా తిప్పి, చక్రం దగ్గర నట్టు బిగించాడు. అంకె చూడలేదు. తొక్కావా అంటే తొక్కాను అన్నాను. "నువ్వు లేకుంటె ఆగమైతుంటి" అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. గుంట వైపు చూడలేదు.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

మామ పది గంటల బస్సుకు వచ్చాడు. జుట్టులో పత్తి పోగులు ఉన్నాయి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేను వంటింటి తలుపు చాటున ఉన్నాను. ఆయన నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఇవ్వడం మరిచిపోయాడు. మామ కొత్త హ్యాండిల్ పట్టుకుని ఊపి చూశాడు. "కొమ్ములు మంచిగనె మొలిచినయి" అన్నాడు. తరువాత మీటర్ కోసం నడుము వంచాడు. అక్కడ లేదు. తల ఎత్తాడు. కళ్ల ముందే ఉంది. వంగకుండా నిలబడి చదవగలిగేసరికి మొహం విప్పారింది, నడుము నొప్పి మనిషి. బతికాం అనుకున్నాను.

తడిబట్టతో తుడిచాడు. చదివాడు. పెదాలు కదిలాయి. మళ్లీ చదివాడు.

"నాలుగు నూర్ల ఎనభై" అన్నాడు.

ఆయన తల ఊపాడు.

"ఆరార్ల ముప్పై ఆరు ఏమైనయిరా?"

మామ గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు. అందుకే భయం వేసింది.

"ఈ వారం పోలేదా నువ్వు? చెయ్యి ఇరిగిన మనిషి, ఒక్కతి, ఎట్ల తిన్నది ఆరు దినాలు? నేనింట్ల లేను గదా అని సీదా ఇంటికొచ్చి పండుకున్నవా? సంతోషమ్మ నిన్ను కొడుకనుకున్నది గదరా."

సంతోషమ్మ మా అమ్మ.

తలుపు రెక్క నా చేతిలో ఉంది, దాన్ని పట్టుకునే నిలబడ్డాను. అమ్మ చెయ్యి. మెత్తటి రొట్టెలు. ఒక్క చేత్తో తుంపరాదు. మొహం చూపించని ఫోన్. గోలీ. బండల మిషన్ నుంచి అమ్మ ఇల్లు రైలు పట్టాల అవతల, మూడు కిలోమీటర్లు. పోను మూడు, రాను మూడు.

ఆయన "పోయిన నాయినా, రోజు పోయిన" అంటున్నాడు. మామ "మీటర్‌కు అబద్ధం వస్తదా?" అంటున్నాడు. ఆయన మీటర్ వైపు చూశాడు, అంకె చదివాడు, తరువాత వంటింటి తలుపు వైపు చూశాడు. చెప్పలేదు. నా పేరు చెప్పలేదు. తల దించుకున్నాడు.

నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. కొంగు తల మీద ఉందో లేదో కూడా చూసుకోలేదు.

"పోయిండు మామా. నేనే తొక్కలె" అన్నాను.

మామ నన్ను చూశాడు. ఎనిమిది నెలల్లో నా గొంతు విన్నది అప్పుడేనేమో.

"ఏం తొక్కలె బిడ్డా?"

"ఆ ముప్పై ఆరు."

లోపల నుంచి అత్తమ్మ నవ్వు మొదలైంది. తరువాత మామను మెషిన్ దగ్గరికి పిలిచి, బాబిన్ పుల్ల, వాల్ ట్యూబు ముక్క, చాయ్ తాగిన ధారూర్, అన్నీ అత్తమ్మే చెప్పింది. మామ కూర్చుని రెండుసార్లు తొక్కి చూశాడు. ఇరవై ఏళ్లు డీసీఎం నడిపినా ఇది తనకు తట్టలేదే అన్నట్టు తల ఆడించాడు. కోపమో మెచ్చుకోలో తెలియలేదు. ఆ ముప్పై ఆరు ఎందుకు తొక్కలేదని మాత్రం ఎవరూ అడగలేదు. కాళ్లు నొచ్చాయనుకున్నారు.

అమ్మ నాలుగు వారాల కింద నీళ్ల తొట్టి దగ్గర తడి బండ మీద జారిపడిందట. కుడి చెయ్యి. నాకు చెప్పొద్దని ఆయనతో ఒట్టు వేయించుకుంది. కొత్త కాపురం, ఏడ్చి పుట్టింటికి వస్తానంటే అత్తవారింట్లో మాట పడాల్సి వస్తుందని. ఎనభై ఆరు వచ్చిన మూడో రోజే మామ అడిగాడట, ఆయన చెప్పాడట, మామ "పో" అన్నాడట. ఆడవాళ్లకు చెప్తే ఏడుస్తారని ఇద్దరూ నోరు మూసుకున్నారు. అత్తమ్మ ఇప్పుడు మామతో మాట్లాడటం లేదు. అన్నం పళ్లెం మాత్రం ముందు పెట్టింది.

నేను ఏడ్చాను. వాళ్ల మాట నిజమే అయింది. బాగా ఏడ్చాను.

ఆయన పక్కన కూర్చుని, "మంగళవారం తొక్కు ఎవలు చేసిన్రు?" అని నెమ్మదిగా అడిగాడు.

ఇంకా గట్టిగా ఏడ్చాను. అడగడం మానేశాడు.

నవంబర్ 17, సోమవారం. తాండూరు

అమ్మ దగ్గరే కూర్చుని రాస్తున్నాను. అమ్మ నిద్రపోతుంది. కట్టు ఇంకో రెండు వారాలు ఉండాలట. నేను అప్పటి దాకా ఇక్కడే ఉంటాను, మామే అన్నాడు.

పొద్దున ఆయన బండి తీస్తుంటే నేను మూట పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. డ్యూటీ బండి. ఎక్కాలో లేదో తెలియలేదు. మామ పానా తీసుకుని వచ్చాడు. ముందు చక్రం దగ్గర కూర్చుని, మీటర్ కేబుల్ నట్టు విప్పాడు. తీగ కొన బయటికి లాగి, దుమ్ము పోకుండా గుడ్డ చుట్టి, దారంతో కట్టాడు. నట్టును జేబులో వేసుకున్నాడు.

"ఇయ్యాల మీటర్‌కు సెలవు. మీరు ఎటు తిరిగొస్తరో నాకేం ఎర్క" అన్నాడు.

అత్తమ్మ గుమ్మంలో నుంచి, వచ్చే ఆదివారం దాకా ఆ నట్టు జేబులోనే ఉండాలని చెప్పింది. కోట్‌పల్లిలో పడవ ఎక్కాలట. మామతో మాట్లాడటం లేదు కాబట్టి గోడతో చెప్పింది. మామ గోడతోనే సరే అన్నాడు.

ధారూర్‌లో ఆగి చాయ్ తాగాం. ఆయన నడుము పట్టుకునే వచ్చాను. ఇది బండి సంగతి కాదు.

అమ్మకు రొట్టె తుంపి పెట్టాను. తింటూ తింటూ, అన్ని రోజులూ బాగానే తిన్నాను గానీ ఒక్క మంగళవారం తొక్కు తింటే చెవుల్లో పొగ వచ్చింది బిడ్డా, నీళ్ల బిందె మొత్తం తాగాను, మరునాడు రొట్టెల్లో ఉప్పు లేదు, నీకు అక్కడ ఆరోగ్యం బాగుందా అని అడిగింది. బాగుందమ్మా అన్నాను. వంగి రొట్టె ముక్కలు ఏరుకున్నాను.

ఈ డైరీ ఎవరి చేతికి వచ్చినా ఒక్కటే అడుగుతున్నాను. చదివినా చదవకపోయినా పొయ్యిలో పెట్టండి. జొన్న రొట్టెలు కాలే మంటకు బాగా పనికొస్తుంది. మొత్తం కాల్చడానికి మనసు రాకపోతే కోట్‌పల్లి రాసిన సగం ఉంచుకోండి. మిరపకాయలు రాసిన సగం మాత్రం ముందు కాల్చండి.